మొప్పల వెనక జానెడు మేర

జూన్ 4

బుల్లీ,

నీ పార్సెలు అందింది. పోస్టాయన గుమ్మంలోకి రాకముందే, వీధి మలుపులో ఉండగానే తెలిసిపోయింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని, "అమ్మా, ఇందులో ఏం చచ్చిందో గానీ సంతకం మాత్రం తొందరగా పెట్టండి" అన్నాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మీ అన్నయ్య ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "మా చెల్లెలు సెంటు పంపింది" అని పక్కింటివాళ్లకి చెప్పాడు. నీకు పుణ్యముంటుంది, ఈసారి కవరు అంటించే ముందు చేతులు సబ్బుతో కడుక్కో. ఆ రేవు వాసన నా బల్లకి పట్టింది, బల్ల గుడ్డకి పట్టింది, చివరికి నేను దేవుడి పుస్తకం తీసినా అందులోంచి వస్తోంది.

పని సంగతికొస్తాను. ఫొటోలన్నీ భోజనాల బల్ల మీద పరిచి చూశాను. నువ్వు నేర్పినట్టే చుక్కల సొరచేప ఎడమవైపు, మొప్పల వెనక జానెడు మేరలో ఉన్న చుక్కలు చూసి, ఆల్బంలో ఉన్న పాతవాటితో ఒక్కొక్కటీ పోల్చాను. బట్టల మిల్లులో అచ్చుగుడ్డ తనిఖీ చేసిన రోజుల్లో కూడా ఇన్ని చుక్కలు చూసి ఉండను. మళ్లీ కనిపించిన పాతవి తొమ్మిదే. మిగతావన్నీ కొత్తవి. పొద్దున ప్రార్థనలో వాటి గురించి కూడా ఒక మాట అనుకున్నాను, ఇన్నాళ్లూ వీటిని ఎక్కడ దాచావయ్యా అని.

ఒక సందేహం. రెండు ఫొటోల్లో చుక్కలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. కానీ ఒకదానిలో ఒక చుక్క ఎక్కువుంది. ఇది ఒక సొరా, రెండా?

ఇంకో కోరిక. మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను గానీ ఒక్క సొరనీ తల నుంచి తోక దాకా చూడలేదు. నువ్వు పంపేవన్నీ అరచేయంత ముక్కలు. నిండుగా ఉన్నది ఒక్కటి పంపవా?

ఫోనులో అడుగుదామంటే మన ఇద్దరి మాటలూ మీ అన్నయ్యే మాట్లాడేస్తాడు.

వేళకి తిను.
నీ వదిన


జూన్ 15

వదినా,

చేతులు సబ్బుతోనే కడుగుతున్నాను. సబ్బే కంపు కొడుతోంది, ఏం చేయను? ఈ రేవులో చీలమండల దాకా జిగురు. కాలవలో పేగులు కొట్టుకొస్తుంటాయి, వాటి పక్కనే కూర్చుని జనం టీ తాగుతుంటారు. మా ఆఫీసు కిటికీ తెరిస్తే ఈగలు, మూస్తే పెద్దసారు. ఆయన పుల్లతో పళ్లు గెలుక్కుని, అదే పుల్లతో నా పట్టికలో అంకెలు చూపిస్తాడు. ఆ పట్టిక నేను తర్వాత ముట్టుకోవాలి.

నీ సందేహానికి జవాబు: రెండు సొరలు. చుక్కలు మన వేలిముద్రల్లాంటివి. పెరిగిన సొరకి కొత్తవి రావు, ఉన్నవి పోవు. ఒక్క చుక్క తేడా ఉన్నా అది వేరే జీవి. కొత్త నంబరు ఇచ్చెయ్.

పాతవి తొమ్మిదే కనిపించాయని రాశావు చూడు, ఆ ముక్క చదివి ఎగిరి గంతేశాను. మన లెక్క ఎలా తేలుతుందో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. మొదట కొన్ని సొరల్ని ఫొటో తీసి గుర్తు పెట్టుకుంటాం. తర్వాత మళ్లీ తీస్తాం. పాతవే మళ్లీ మళ్లీ కనిపిస్తే సముద్రంలో ఉన్నవి కొన్నే అని అర్థం. ఎప్పుడు చూసినా కొత్తవే వస్తుంటే, మనం చూడనివి ఇంకా బోలెడున్నాయని అర్థం. ఐదేళ్లుగా ఈ అఖాతంలో వలలు వేయనివ్వలేదు కదా, ఆ ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది.

ఇదంతా ఐసు వల్లే. నేనొక్కదాన్ని మునిగి ఎన్ని తీయగలను? అందుకే చేపల పడవలకి నీళ్లలో ముంచే కెమెరాలిచ్చాను. ఫొటో తెస్తే మా ఆఫీసు ఐసు యంత్రం నుంచి ఒక దిమ్మ, కొత్త సొర అయితే రెండు. ఆలోచన నాదే. పెద్దసారు తనదని చెప్పుకుంటున్నాడనుకో.

సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది. సొరలు తగినన్ని ఉన్నాయని మన లెక్క చెబితే అఖాతంలోకి వలల్ని మళ్లీ రానిస్తారు. నువ్వూ నేనూ విడివిడిగా చూసి, ఇద్దరం ఒప్పుకున్నవే లెక్కలోకి వస్తాయి. కాబట్టి వదినగారూ, మీ కళ్లద్దాలు తుడుచుకోండి.

బుల్లి


జులై 2

బుల్లీ,

ఈసారి పార్సెల్లో పాతవి మూడే. మిగతావన్నీ కొత్త ముఖాలు. ముఖాలంటున్నాను గానీ ముఖం ఎక్కడ చూశాను కనుక! మీ అన్నయ్య బల్ల దగ్గరికొచ్చి, "మన పెళ్లి సంబంధాలప్పుడు నా ఫొటో ఇంత శ్రద్ధగా చూశావా?" అని అడిగాడు. "చూసుంటే ఇలా ఉండేదా?" అన్నాను. రెండు గంటలు మాట్లాడలేదు. హాయిగా పని అయింది.

కానీ ఆ ఎక్కువ చుక్క బెడద మళ్లీ వచ్చింది. ఈసారి మూడు జతల్లో. నువ్వు చెప్పినట్టే నంబర్లు వేరుగా ఇచ్చాను. అయినా మనసొప్పలేదు. ఆ చుక్క మిగతావాటిలా చర్మంలో కలిసి లేదు, పైన అతికించినట్టుంది. ఫొటో మీద మురికేమోనని వేలు తడిచేసి రుద్దాను. పోలేదు. చర్మం కూడా మునుపటి ఫొటోల్లోలాగా మెరవడం లేదు, ఎండిన తోలులా ఉంది. ఏమో, ప్రింటు తేడా కావచ్చు. కవరు మాత్రం ఇంట్లో తీయలేకపోతున్నాను. వాకిట్లో పేపరు పరిచి విప్పుతున్నాను.

నిండు ఫొటో ఏది? అడిగి నెల కావస్తోంది.

నీ వదిన


జులై 11

వదినా,

చుక్క చుక్కే. ప్రింటు తేడా ప్రింటు తేడానే. ఇక్కడ నాకు ఊపిరి సలపడం లేదు, నువ్వు దాని మీద కూర్చుంటే ఎలా? నేను రాజధాని ప్రయాణంలో ఉన్నాను. పెద్దసారు అప్పుడే విజయం అని పెద్దక్షరాలతో నివేదికకి అట్ట కుట్టించాడు. లోపల అంకె కోసం ఖాళీ వదిలారు. ఆయన నవ్వితే పళ్ల మధ్య మధ్యాహ్నం తిన్నదంతా కనిపిస్తుంది. అలాంటి మనిషి నన్ను ఆ పెదవులతో పొగిడితే నేను వంగి నమస్కారం పెట్టాను. నా మీద నాకే రోత పుట్టింది.

మా దగ్గర ఫొటోలు కత్తిరించి ప్రింటు తీసే ఆయన ఉన్నాడు, మేమంతా కత్తెర అంటాం. నిండుగా ఉన్నది ఏదో ఒకటి తీసి కవర్లో పెట్టమని ఆయనకి చెప్పాను. చూసి సంతోషించు. లెక్కకి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం కూడా అందులోనే ఉంటుంది, సంతకం పెట్టి వెంటనే పంపు.

బుల్లి


జులై 20

అమ్మాయ్,

నిండు ఫొటో చూశాను.

తడి చెక్కల మీద పడుకోబెట్టారు. మొప్పల్లోంచి తాడు దూర్చి లాగి కట్టారు. నోటి మూలలో గాలం, దాని పక్కన చీలిన దవడ. పొట్ట కింద నుంచి ఏదో బయటికొచ్చి చెక్కల సందులో పడి ఉంది, అదేమిటో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. దాని తల మీద ఎవరిదో కాలు. బొటనవేలి గోరు నల్లబడిన కాలు. ఎడమవైపు కెమెరాకి సరిగా కనపడాలని ఆ కాలితో తొక్కిపెట్టారు. ఒంటి నిండా ఈగలు.

ఆ ఈగల్లో ఒకటి మొప్పల వెనక వాలి ఉంది. నేను వేలు తడిచేసి రుద్దిన చుక్క అదే. ఈగ వాలినప్పుడు ఒక సొర, లేచాక ఇంకొక సొర. రెండింటికీ నంబర్లిచ్చాను. రెండింటి కోసం దేవుడికి చెప్పుకున్నాను.

మీ అన్నయ్యకి చూపించకూడదనుకున్నాను గానీ నా మొహం చూసి ఆయనే తీసి చూశాడు. రాత్రి భోజనం వద్దన్నాడు. ఆ మనిషి భోజనం వద్దనడం నీకు తెలుసు కదా, ఎంత అరుదో.

మూడేళ్లు నాకు ముక్కలే ఎందుకు పంపావో ఇప్పుడర్థమైంది. అడిగిన ప్రతిసారీ ఎందుకు దాటేశావో కూడా. అరచేయంత చర్మం చూపించి, మిగతాదంతా కత్తెరతో దాచావు. ప్రాణమున్నవాటిని లెక్కపెడుతున్నామని చెప్పి నా చేత పీనుగుల్ని లెక్కపెట్టించావు.

కాగితం మీద సంతకం పెట్టలేదు. తిప్పి పంపుతున్నాను.

వదిన


జులై 25

వదినకి,

నీ ఉత్తరం చదివాక నేనూ భోజనం చేయలేదు. అది ఈగల వల్ల కాదు. నేను నీకు అలాంటిదానిలా కనిపించినందుకు.

చుక్కలు తప్ప వేరే ఏవీ కంట పడకుంటే పోల్చడం తేలిక, అందుకే ముక్కలు. నేను చూసేవీ ముక్కలే. ఏదో ఒక పడవలో పొరపాటున గాలానికి పడ్డ సొర అయ్యుంటుంది. ఒక్క ఫొటో పట్టుకుని నన్ను హంతకురాలిని చేశావు. సరే, అది నీకూ నాకూ మధ్య సంగతి. అన్నయ్య చేత ఆఫీసుకి ఫోనెందుకు చేయించావు? కత్తెర ఎత్తాడట. "ఆవిడ అన్నగారు చాలా కోపంగా ఉన్నారు" అని పెద్దసారు చెవిన వేశాడు. ఇప్పుడు పెద్దసారు నన్ను పిలిచి, ఇంటివాళ్ల చేత పని చేయిస్తే ఇలాగే ఉంటుందని నవ్వుతున్నాడు.

నాకు చెప్పి ఉంటే సరిపోయేది కదా.

బుల్లి


ఆగస్టు 2

వదినా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. పోయిన ఉత్తరం చింపేసెయ్.

కత్తిరించని ఫొటోలన్నీ తెరిచి చూశాను. మధ్యలో రెండుసార్లు లేచి బయటికెళ్లాను. బయట రేవు. బయట కూడా అదే వాసన. ఎక్కడికి పోను?

కత్తెరని అడిగాను. "మొప్పల వెనక జానెడు మాత్రమే ఉంచమన్నది ఎవరు మేడం? మీరే. మిగతాది కోసేశాను. మిగతాదాంట్లో కాళ్లున్నాయా తాళ్లున్నాయా అని నన్నెవరడిగారు?"

"మీకు చూస్తే ఏమీ అనిపించలేదా?"

"మొదట్లో అన్నం సహించలేదు. తర్వాత అలవాటైపోయింది" అన్నాడు, గోళ్లు చూసుకుంటూ.

తర్వాత రేవుకెళ్లి పెద్ద పడవ నడిపే సరంగుని నిలదీశాను. దాచను కూడా దాచలేదు. "నీళ్లలో దాని వెంటపడి ఎడమపక్క చూపించు తల్లీ అంటే చూపిస్తుందా? గాలమేసి పైకి లాగితే నిదానంగా తీసుకోవచ్చు. ఫొటోలు స్పష్టంగా ఉన్నాయని మీరే కదండీ మెచ్చుకున్నారు!"

"తీశాక వదిలేస్తున్నారా?"

"వదిలేస్తాం. దాని బరువుకి లోపలంతా నలిగిపోతుంది కదా, బతకదనుకోండి. కొనేవాళ్లు లేరు, మేమేం చేసుకుంటాం?" అని, వెళ్లబోతుంటే వెనక నుంచి అరిచాడు. "ఐసు మాత్రం బాగుంటోందండీ, గట్టి ఐసు!"

పాత సొర అయితే ఒక దిమ్మ. కొత్తదైతే రెండు. అందుకే ఎవరూ వెళ్లని చోట్లకి వెళ్లి వెతికి మరీ లాగారు. చచ్చినవి మళ్లీ కనిపించవు. కనిపించవు కాబట్టి ఎప్పుడు చూసినా కొత్తవే వచ్చాయి. కొత్తవే వచ్చాయి కాబట్టి బోలెడున్నాయని మన లెక్క తేల్చింది. సముద్రంలో ఎన్ని చచ్చాయో కాగితం మీద అంతకు పదింతలు పుట్టాయి వదినా. ఐసు ఆలోచన నాది.

పెద్దసారుకి చెప్పాను. తలుపు వేసి, "నివేదికలో ఉండేది జానెడు ముక్కలే కదా, వాటిలో ఏం తెలుస్తుంది? మీ వదినగారు ఎంతవరకు చదివారు, స్కూలు వరకేనా? వయసు వస్తే కళ్లు మసకబారతాయి. ఒప్పించండి" అన్నాడు. ఆ మాటకి ఆయన నోట్లో ఉన్న పుల్ల విరిగితే బాగుండుననిపించింది.

కానీ వదినా, ఒక మాట అడుగుతాను. ఈ ఒక్కసారికి ఒప్పుకో. ఐసు ఈ రోజే ఆపేశాను. వచ్చే ఏడు నేనే మునిగి నిజమైన లెక్క తీస్తాను. ఇప్పుడు నోరు విప్పితే నన్ను పంపేస్తారు. నేను పోతే ఆ మిగిలినవాటిని చూసే దిక్కు కూడా ఉండదు.

బుల్లి


ఆగస్టు 9

బుల్లీ,

ముందు ఫోను సంగతి. మీ అన్నయ్య చేసింది ఫిర్యాదు చేయడానికి కాదు. ఆ ఫొటో చూశాక, నువ్వు రోజూ అలాంటి చోట తింటున్నావా మానేస్తున్నావా అని అడుగుదామని చేశాడట. నువ్వు లేవన్నారు. లైను సరిగా లేక గట్టిగా అరిచాడు. అరిస్తే కోపమనుకున్నారు. నాకూ చెప్పలేదు, నీ ఉత్తరం చదివాక అడిగితే తల గోక్కున్నాడు.

నువ్వు దాచావని రాసినందుకు నన్ను క్షమించు. ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ ఉత్తరాన్ని మాత్రం వెనక్కి తీసుకోను. నేను ఈ ఇంటికొచ్చేసరికి నీకు పదేళ్లు. జడలు వేశాను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను, నీ వాంతులు ఎత్తాను. ఏనాడూ నువ్వంటే నాకు ఏవగింపు కలగలేదు. నీ ఆగస్టు రెండో తేదీ ఉత్తరంలో చివరి పేరా చదివితే కలిగింది. సరంగు మాటకీ, కత్తెర మాటకీ కలగనంత కలిగింది. వాళ్లకి తెలిసింది అంతే. నువ్వు అన్నీ తెలిసి అడిగావు.

వలలు రానిచ్చాక వచ్చే ఏడు లెక్కపెట్టడానికి నీ దగ్గర ఏం మిగులుతుంది?

నేను ఒప్పుకోను. ఒప్పుకోనని ఊరికే కూర్చోను కూడా. ఈగని చుక్కగా లెక్కపెట్టిన చెయ్యి నాది. ఆ ఫొటోలన్నీ నిండుగా, ఏదీ కొయ్యకుండా పంపు. మొదటి నుంచి మళ్లీ చూస్తాను.

వదిన


ఆగస్టు 27

బుల్లీ,

చూడటం పూర్తయింది.

రోజుకి కొన్ని చొప్పున చూశాను. అంతకంటే నా వల్ల కాలేదు. ప్రార్థన అయ్యాక మొదలుపెట్టి, ఇంక చాలు అనిపించగానే లేచి స్నానం చేసేదాన్ని. మీ అన్నయ్య జోకులు మానేసి పక్కన కూర్చున్నాడు. నేను నంబరు చెబితే రాశాడు. మధ్యలో ఒకసారి, "ఇది కడుపుతో ఉన్నది కదా?" అన్నాడు. నేను తర్వాతి నంబరు చెప్పాను. అలాంటివి ఇంకా ఉన్నాయి.

మనం కొత్తవని రాసినవాటిలో నీళ్లలో ఈదుతూ ఉన్నవి ఏడు. మిగతావన్నీ చెక్కల మీదివి. ఈగల పుణ్యమా అని రెండేసి నంబర్లు పొందినవి కూడా విడదీశాను.

ఇంకో సంగతి. చూడగా చూడగా నేను సొరల్ని మానేసి కాళ్లని గుర్తుపట్టడం మొదలుపెట్టాను. నల్లగోరు కాలు, రెండు వేళ్లు అతుక్కున్న కాలు, మడమ దగ్గర కాలిన మచ్చ ఉన్న కాలు, రబ్బరు చెప్పు వేసిన కాలు. సొరలు ఒక్కసారే కనిపిస్తాయి. కాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ అవే. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం చూస్తే ఆ మనుషులు చాలా కొద్దిమంది. ఎక్కువ మంది అక్కర్లేకపోయింది.

పాతదీ కొత్తదీ రెండు పట్టికలూ పెడుతున్నాను. నా సంతకం ఈ రెండో దాని మీదే ఉంది. నీ ఇష్టం ఇక.

వదిన


సెప్టెంబరు 14

వదినా,

కమిటీ అయిపోయింది.

పెద్దసారు అట్ట కుట్టించిన నివేదిక పంచుతుంటే లేచి నిలబడ్డాను. ఆ అంకెకి ఇద్దరం ఒప్పుకోవాలి, మా ఇద్దరిలో ఎవరమూ ఒప్పుకోవడం లేదని చెప్పాను. నిండు ఫొటోలు చేతికిచ్చాను. మొదటాయన చూసి పక్కకి తోశాడు. పక్కావిడ బోర్లా పెట్టి, రుమాలుతో వేళ్లు తుడుచుకుంది. చివరి కుర్చీలో పెద్దమనిషి, "భోజనానికి ముందు ఇలాంటివి చూపిస్తారా అమ్మా?" అన్నాడు. చంపినందుకు కాదు వదినా, చూపించినందుకు వాళ్లకి అసహ్యమేసింది.

"సరే, ఈ అంకె తప్పు. మరి ఎన్ని ఉన్నాయి?" అని అధ్యక్షుడు అడిగాడు.

"తెలియదు. ఎన్ని చంపామో చెప్పగలను" అన్నాను.

"చంపాం అంటున్నారు. ఎవరు?"

"ఐసు పెట్టింది నేను" అన్నాను. పెద్దసారు వెంటనే, "అవునండీ, ఆ పథకం పూర్తిగా ఆవిడదే" అన్నాడు. మొదటిసారి నిజం చెప్పాడు.

కొత్త లెక్క వచ్చేదాకా అఖాతంలోకి వలలు రావు. ఆ ఒక్కటీ మిగిలింది. నన్ను ఉద్యోగంలోంచి పంపేయలేదు గానీ నా గది, నా బల్ల వేరేవాళ్లకిచ్చారు. మెట్ల కింద, చెత్తబుట్టల పక్కన కుర్చీ వేశారు. వలల మీద ఆశ పెట్టుకున్న పడవలవాళ్లు నేను రేవులో నడుస్తుంటే ఉమ్ముతున్నారు. నా ముందు కాదు, నా అడుగు పడబోయే చోట.

ఎవరూ ఎక్కించుకోకపోతే తెడ్ల పడవ ఒకటి తీసుకుని నేనే వెళుతున్నాను. నువ్వు విడదీసిన ఆ ఏడింటి కోసం, పాతవాటి కోసం, అవి తిరిగే చోటల్లా మునిగి చూస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కటి కూడా కనపడలేదు. నీళ్లు చాలా శుభ్రంగా ఉన్నాయి. అడుగు దాకా కనిపిస్తోంది. అందుకే భయమేస్తోంది.

ఇలాగే ఏమీ దొరక్కపోతే నీకేం పంపను?

బుల్లి


సెప్టెంబరు 22

బుల్లీ,

దొరికితే దొరికినట్టే పంపు, తల నుంచి తోక దాకా.

దొరకని రోజున ఖాళీ నీళ్లని ఫొటో తీసి, వెనకాల తేదీ వేసి పంపు. ఒంటరిగా చూశాననుకోకు. దాన్నీ బల్ల మీద పెట్టి, ఏ మూలనైనా ఏమైనా ఉందేమో నిదానంగా వెతుకుతాను. ఏమీ లేదని నువ్వు రాస్తే, నాకూ ఏమీ కనపడకపోతే, నీ సంతకం కింద నేనూ పెడతాను.

వదిన